పాఠం నుంచి పటం గీయిద్దాం

తెలుగు వాచకంలో ప్రతి పాఠానికీ కవి పరిచయం ఉంటుంది. కాలం, జన్మస్థలం, రచనలు, బిరుదులు వరసగా ఇస్తారు. తిక్కనది నెల్లూరు, పోతనది బమ్మెర, జాషువది వినుకొండ అని పిల్లలు వల్లె వేస్తారు. పరీక్షలో ఒక మార్కు బిట్టుగా రాసి మరిచిపోతారు. ఆ ఊరు ఎక్కడుంది, ఏ ఏటి ఒడ్డున ఉంది, ఆ నేలకూ నుడికీ ఈ రచనకూ ఏమైనా చుట్టరికం ఉందా అన్న ప్రశ్న తరగతి గదిలోకి రాదు. పద్యానికి ప్రతిపదార్థం, భావం చెప్పి, గద్యానికి ప్రశ్నలూ జవాబులూ రాయించి, సందర్భసహిత వ్యాఖ్యతో ముగించే బోధనలో స్థలానికి చోటు లేకుండా పోయింది. ఊళ్లూ నదులూ దారులూ భూగోళం మాస్టారి బాధ్యత అని వదిలేశాం. సాహిత్యానికి ఊపిరి పోసిన సరంజామాలో సగం అలా మన చేతుల్లోంచి జారిపోయింది. దాన్ని తిరిగి పాఠంలోకి తెచ్చుకునే సాధనం ఇవాళ చాలా బడులకు అందుబాటులో ఉంది. డిజిటల్ పటాన్ని సాహిత్య తరగతిలోకి తేవాలి. అయితే అయ్యవారు తెర మీద పటం చూపించి ఊరుకుంటే ఒరిగేది తక్కువ. పిల్లలు పాఠం చదివి, తర్కించుకుని, తామే పటం గీసినప్పుడే అది సాహిత్య బోధన అవుతుంది.

సాధనాలకు కొదవ లేదు. ఎవరైనా సమాచారం చేర్చగల ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ 2004లో మొదలైంది. గూగుల్ ఎర్త్ 2005లో వచ్చింది. హైదరాబాద్‌లోని జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం నడిపే ఇస్రో వారి భువన్ 2009 నుంచి ఉంది. సొంత గుర్తులూ గీతలూ పెట్టుకోవడానికి గూగుల్ మై మ్యాప్స్, ఒక్కో స్థలం దగ్గర ఆగి కథ చెప్పడానికి అమెరికాలోని నార్త్‌వెస్టర్న్ విశ్వవిద్యాలయం ఉచితంగా ఇస్తున్న స్టోరీమ్యాప్ ఉన్నాయి. కాలిఫోర్నియా ఉపాధ్యాయుడు జెరోమ్ బర్గ్ నవలల్లోని ప్రయాణాలను గూగుల్ ఎర్త్ మీదికి ఎక్కించి ‘లిట్ ట్రిప్స్’ పేరుతో ప్రచారంలోకి తెచ్చినప్పుడు ఎందరో ఉపాధ్యాయులు ఆ బాట పట్టారు. వాటిలో ఒక ఆకర్షణ ఉంది, ఒక ప్రమాదమూ ఉంది. తయారుగా ఉన్న పటం మీద ఒక ఊరి నుంచి మరో ఊరికి ఎగిరి వెళ్తుంటే పిల్లలు కళ్లప్పగించి చూస్తారు. చూడటం అయిపోయాక పుస్తకం తెరవాల్సిన అవసరం మాత్రం వాళ్లకు కలగదు. ఈత గురించి ఎంత విన్నా నీళ్లలో దిగనిదే ఈత రానట్టు, ఇంకొకరు గీసిన పటాన్ని ఎంత చూసినా చదువు అబ్బదు. పటంలో ఒక గుర్తు పెట్టాలంటే ఆ స్థలం పేరు పాఠంలో ఎక్కడ వచ్చింది, ఎవరి నోట వచ్చింది, పాత్ర నిజంగా అక్కడికి వెళ్లిందా లేక తలుచుకుందా అన్నది తేల్చుకోవాలి. అలా తేల్చుకోవడమే చదవడం.

సాహిత్య పరిశోధనలో పటం విలువ ఇప్పటికే రుజువైంది. ఇటలీకి చెందిన విమర్శకుడు ఫ్రాంకో మొరెట్టి పందొమ్మిదో శతాబ్దపు యూరప్ నవలలకు అట్లాస్ తయారుచేశారు. అది 1998లో ఇంగ్లిష్‌లో వెలువడింది. జేన్ ఆస్టిన్ నవలల్లోని ఊళ్లను ఆయన పటం మీద పెట్టి చూస్తే అవి దాదాపు అన్నీ ఇంగ్లండ్ దక్షిణ, మధ్య ప్రాంతాల్లోనే తేలాయి. స్కాట్లండ్, ఐర్లండ్, వేల్స్, యంత్ర పరిశ్రమలు పుట్టిన ఉత్తర ఇంగ్లండ్ ఆ కథా ప్రపంచంలో లేవు. నవలను ఎన్నిసార్లు చదివినా ఒక పట్టాన తట్టని ఆ లేమి పటంలో ఒక్క చూపుకే దొరికింది. బ్రిటన్‌లోని లాంకాస్టర్ విశ్వవిద్యాలయ పరిశోధకులు లేక్ డిస్ట్రిక్ట్ కొండసీమలో ఇద్దరు కవులు చేసిన ప్రయాణాలను డిజిటల్ పటం మీదికి తెచ్చారు. 1769లో థామస్ గ్రే లోయల్లోని బాటలు పట్టి వెళ్తే, 1802లో కోల్‌రిడ్జ్ శిఖరాలు ఎక్కుతూ తిరిగాడు. నేల ఎత్తుపల్లాలను ఆ దారులతో జోడించేసరికి ప్రకృతిని దూరం నుంచి దృశ్యంలా చూసిన తరానికీ, అందులోకి చొరబడి ఒళ్లంతా అనుభవించిన తరానికీ ఉన్న తేడా గీతల్లో తేటపడింది. ఈ రెండు చోట్లా పటం జవాబు చెప్పి ముగించలేదు, కొత్త ప్రశ్న లేవనెత్తింది. బడిలోనూ దాని నుంచి ఆశించవలసింది అదే.

మన భాషలో ఈ పనికి ఏనుగుల వీరాస్వామయ్య ‘కాశీయాత్ర చరిత్ర’ను మించిన పుస్తకం లేదు. మద్రాసు సుప్రీంకోర్టులో ఇంటర్‌ప్రిటర్‌గా పనిచేసిన ఆయన 1830 మే 18న చెన్నపట్నం విడిచి 1831 సెప్టెంబర్ 3న తిరిగి చేరారు. దారిపొడుగునా మిత్రుడు కోమలేశ్వరపురం శ్రీనివాస పిళ్లెకు రాసిన విశేషాలే 1838లో పుస్తకమయ్యాయి. 1941లో దిగవల్లి వేంకట శివరావు దాన్ని మళ్లీ వెలుగులోకి తెచ్చారు. మజిలీ మజిలీకీ ఊరి పేరు, నీటి వసతి, దొరికే సరుకులు, దిగడానికి చోటు, అక్కడి మనుషుల తీరు ఆయన నమోదు చేశారు. తిరుపతి, కడప, కర్నూలు సీమ, హైదరాబాద్, నాగపూర్, జబల్‌పూర్ మీదుగా ప్రయాగకూ కాశీకీ వెళ్లారు. గయ, కలకత్తా, పూరీ చూసుకుని తూర్పు తీరం వెంట తిరిగొచ్చారు. పోయిన దారిని ఒక రంగులో, వచ్చిన దారిని ఇంకో రంగులో పిల్లలు గీస్తే రెండు గీతలూ రెండు కొసల దగ్గర తప్ప ఎక్కడా కలవవని తెలుస్తుంది. ఒకటి దేశం నడిబొడ్డున కొండలూ అడవులూ దాటుకుంటూ పోతుంది. ఇంకొకటి సముద్రాన్ని అంటిపెట్టుకుని దిగుతుంది. ఒకే మనిషి ఒకే యాత్రలో రెండు దేశాలను చూసినట్టు రాయడానికి కారణమేమిటని అప్పుడు అడగవచ్చు. ఆ ప్రశ్నకు జవాబు పుస్తకంలోనే వెతకాలి.

అక్కడితో పని అయిపోదు. ఇవాళ్టి పటాన్ని హైదరాబాద్ నుంచి నాగపూర్‌కు దారి అడిగితే జాతీయ రహదారిని చూపించి కొన్ని గంటల ప్రయాణమని చెబుతుంది. వీరాస్వామయ్య పల్లకీ బోయీలతో, పరివారంతో నడిచిన దారిని నిర్ణయించినవి చెరువులూ సత్రాలూ వానకాలపు ఏళ్లూ. ఆయన మజిలీలను చుక్కలుగా పెడితే రెండు చుక్కల మధ్య దూరం ఒకచోట తక్కువ, ఒకచోట ఎక్కువ అవుతుంది. ఎందుకలా అయిందో పాఠంలోకి వెళ్లి చూడాల్సిందే. పటం మీది రాష్ట్రాల సరిహద్దులు కూడా అప్పటివి కావు. 1830లో ఆ దారిలో ఈస్టిండియా కంపెనీ జిల్లాలు, కర్నూలు నవాబు సీమ, నిజాం రాజ్యం, నాగపూర్ భోంస్లేల రాజ్యం ఉన్నాయి. పిల్లలు ఇప్పటి గీతలను చెరిపి అప్పటి ఏలుబడులను రంగులతో నింపితే, బాటల భద్రత గురించీ పన్నుల గురించీ అధికారుల గురించీ రచయిత చేసిన వ్యాఖ్యలు ఉన్నట్టుండి ఒకదానితో ఒకటి కలిసి వస్తాయి. అంతవరకు విడివిడి వర్ణనలుగా కనిపించినవి ఒక పరిపాలనా పరిశీలనగా అర్థమవుతాయి. కంపెనీ కోర్టులో ఉద్యోగి అయిన రచయిత ఏ ఏలుబడిని ఏ కొలబద్దతో కొలిచాడన్న ప్రశ్న దానంతటదే వస్తుంది. తొమ్మిదో తరగతి పిల్లల చేత కథకుడి దృక్కోణం అనే పెద్ద మాటను ఇంతకన్నా సులువుగా పట్టించే మార్గం లేదు.

దూరం తెలిస్తే కథ అర్థమే మారిపోయే రచనలు ఉన్నాయి. శ్రీనాథుడి పేరిట ప్రసిద్ధమైన ‘పల్నాటి వీరచరిత్ర’ను ఆంధ్ర కురుక్షేత్రం అని చెప్పి పాఠం మొదలుపెడతాం. ఆ పోలిక వినగానే పిల్లల ఊహలో మహా సామ్రాజ్యాలు, అంతులేని మైదానాలు లేస్తాయి. దాయాదుల రాజధానులు గురజాల, మాచర్ల, వాళ్ల పోరు జరిగిన కారంపూడి మూడింటినీ పటం మీద పెట్టిస్తే అవి ఇరుగుపొరుగు ఊళ్లని తేలుతుంది. నాగులేటి ఒడ్డున కూలినవాళ్లు, వాళ్లను కూల్చినవాళ్లు ఒకే నీళ్లు తాగినవాళ్లు, ఒకే తిరునాళ్లకు వెళ్లినవాళ్లు, ఒకరింటి ఆడపడుచులను ఒకరు తెచ్చుకున్నవాళ్లు. అది దాయాదుల పోరు అన్న మాట అప్పుడు నోటి మాటగా మిగలదు. ఇంత చిన్న సీమలో అంత పెద్ద చావు ఎందుకు వచ్చిందన్న వేదన, కథాగానం వెనకున్న అసలు వేదన, పిల్లల మనసుకు తాకుతుంది.

పటంలో సరైన చోటు వెతకడమే చదువుగా మారే సందర్భం ‘ఆముక్తమాల్యద’లో ఉంది. కళింగ దండయాత్ర సమయంలో కృష్ణదేవరాయలు శ్రీకాకుళంలో ఆంధ్ర మహావిష్ణువును సేవించాడని, స్వామి కలలో కనిపించి తెలుగులో కావ్యం రాయమన్నాడని అవతారిక చెబుతుంది. పటంలో శ్రీకాకుళం అని వెతికిన విద్యార్థికి మొదట ఎదురయ్యేది ఉత్తరాంధ్ర జిల్లా కేంద్రం. కళింగం వైపు సాగిన దండయాత్ర కాబట్టి అదే అయి ఉంటుందని అనుకోవడానికి కూడా వీలుంది. కావ్యం చెప్పే ఊరు కృష్ణా జిల్లా ఘంటసాల మండలంలోది. రెండిట్లో ఏది అన్నది తేల్చడానికి రాయలు బెజవాడ ప్రాంతంలో విడిది చేసిన ప్రస్తావనను మళ్లీ చదవాలి, ఆంధ్రవిష్ణువు ఆలయం ఎక్కడుందో చూడాలి. వెతికితే దొరికిన మొదటి జవాబును నమ్మకూడదన్న పాఠం ఈ తరానికి ఎంత అవసరమో చెప్పనక్కరలేదు. ఆ తర్వాత కవి కూర్చున్న విజయనగరం హంపీ దగ్గర కర్ణాటకలో, కథ జరిగిన శ్రీవిల్లిపుత్తూరు, శ్రీరంగం తమిళనాడులో కనిపిస్తాయి. తెలుగు సాహిత్యం తెలుగు రాష్ట్రాల గీతల లోపలే పుట్టి పెరిగిందనే అపోహ ఆ ఒక్క పటంతో పోతుంది.

ఇప్పుడు పటం చేతులెత్తేసే చోటికి వద్దాం. సాహిత్య బోధనకు అత్యంత విలువైన చోటు అదే. కాళిదాసు మేఘసందేశంలో యక్షుడు ఉన్న రామగిరిని నాగపూర్ దగ్గరి రామ్‌టెక్‌గా చాలామంది గుర్తిస్తారు. అక్కణ్నుంచి ఉత్తరానికి పోవలసిన మేఘాన్ని దారి తప్పి అయినా ఉజ్జయిని చూసి పొమ్మంటాడు కవి. ఆ మలుపును పటం చక్కగా చూపిస్తుంది. 1941లో జాషువ రాసిన ‘గబ్బిలం’ ఆ సంప్రదాయాన్ని అందుకుని తిరగరాసిన కావ్యం. అందులో సందేశం పంపేవాడు అంటరానివాడిగా బతుకీడుస్తున్న నిరుపేద. అందుకునేవాడు శివుడు. మోసుకుపోయేది గబ్బిలం. అది ఎగిరిన దారిలోని చారిత్రక స్థలాలను పిల్లలు గుర్తించి కలిపితే దక్షిణం నుంచి ఉత్తరానికి ఒక పొడవైన గీత వస్తుంది. ఆ గీత అందంగానే ఉంటుంది గానీ కావ్యంలోని అసలు దూరం అందులో కనపడదు. ఎన్ని రాజ్యాలనైనా దాటగల గబ్బిలం అడ్డులేకుండా గుడిలో దూరుతుంది. తన ఊళ్లో తన కళ్లెదుటి గుడి గడప దాటడానికి ఆ మనిషికి వీల్లేదు. పటాన్ని ఎంత పెద్దది చేసినా గుడి లోపలా గుడి బయటా ఒకే గుర్తు కింద పడిపోతాయి. వందల ఆమడల కంటే ఎక్కువైన ఆ నాలుగడుగుల దూరాన్ని ఎలా గీయాలి అని తరగతిని అడిగి చూడాలి. పటం చూపలేనిదాన్ని పద్యం ఎలా చెప్పగలిగిందో చర్చించే క్షణంలో ఆ పిల్లలు సాహిత్యం ఎందుకు ఉందో తెలుసుకుంటారు.

కల్పిత స్థలాల సంగతేమిటన్నది మొదటి ఆక్షేపణ. ఉన్నవ లక్ష్మీనారాయణ ‘మాలపల్లి’లోని మంగళాపురం, విశ్వనాథ ‘వేయిపడగలు’లోని సుబ్బన్నపేట, కాళీపట్నం రామారావు ‘యజ్ఞం’లోని సుందరపాలెం ఏ పటంలో దొరుకుతాయి? స్విట్జర్లండ్‌లోని జ్యూరిచ్‌లో బార్బరా పియాటి బృందం యూరప్ సాహిత్య అట్లాస్ పనికి పూనుకున్నప్పుడు ఇదే చిక్కు ఎదురైంది. ఉన్నవి ఉన్నట్టు వాడుకున్న స్థలాలు, పేరు మార్చినవి, పూర్తిగా ఊహించినవి అంటూ వాళ్లు వేరుచేసి, రూఢిగా చెప్పలేని చోట్లకు వేరే గుర్తులు వాడారు. ఆ పద్ధతి మన బడికి అతికినట్టు సరిపోతుంది. ‘కన్యాశుల్కం’లో ఉత్తరాంధ్రలోని విజయనగరం పేరు దాచకుండా ఉంది. కథ నడిచే అగ్రహారాలను మాత్రం గురజాడ తన అవసరం కొద్దీ మలిచాడు. పట్నాన్ని పేరుతో చెప్పి అగ్రహారాన్ని కల్పించడంలో నాటకకర్త ఆలోచన ఏమిటన్నది మంచి ప్రశ్న. ఇక పూర్తిగా ఊహించిన ఊరికి ఖాళీ కాగితమే పటం. ‘మాలపల్లి’ చదివి, ఊరు ఎటు, వాడ ఎటు, బావి ఎక్కడ, పొలానికి దారి ఎవరి ఇళ్ల మధ్య నుంచి పోతుంది అని పాఠంలోని ఆధారాలతో గీయమంటే కులం నేల మీద ఎలా అమరిందో పిల్లలకు తెలిసిపోతుంది. ఆ తర్వాత ఉపగ్రహ చిత్రంలో ఏదైనా నిజమైన పల్లెను చూపిస్తే, నూరేళ్ల కిందటి నవలలోని అమరిక ఇంకా ఎంతవరకు మిగిలి ఉందో వాళ్లే పోల్చుకుంటారు.

రూఢిగా చెప్పలేని స్థలాలు కల్పనలోనే కాదు, చరిత్రలోనూ ఉన్నాయి. పోతన జీవించింది ఓరుగల్లు సీమలోని బమ్మెరలోనా, కడప జిల్లా ఒంటిమిట్టలోనా అని పండితులు దశాబ్దాలుగా వాదించుకున్నారు. వాచకం ఒక ఊరి పేరు రాసి ఊరుకుంటుంది. పటం గీసే విద్యార్థి మాత్రం ఎక్కడో ఒకచోట చెయ్యి పెట్టాలి. అక్కడే ఎందుకు పెట్టాడో కారణం రాయాలి. రెండు వాదాలూ చదివించి, రూఢి అయినవాటికి ఒక రంగు, వివాదం ఉన్నవాటికి ఇంకో రంగు వేయిస్తే ప్రాంతాభిమానం పక్కనపెట్టి ఆధారం చూసే అలవాటు అబ్బుతుంది. నీట మునిగిన స్థలాలది ఇంకో కథ. అడివి బాపిరాజు ఇక్ష్వాకుల కాలం నేపథ్యంగా ‘అడవి శాంతిశ్రీ’ రాశారు. ఆ ఇక్ష్వాకుల రాజధాని విజయపురి కోసం పటంలో వెతికితే నాగార్జునసాగర్ జలాశయపు నీలిరంగే కనిపిస్తుంది. శ్రీశైలం జలాశయంలో నీటిమట్టం తగ్గినప్పుడు తప్ప సంగమేశ్వర ఆలయం బయటపడదు. పటం నీళ్లని చెప్పిన చోట ఊళ్లుండేవని చెప్పగలిగేది రాత, జ్ఞాపకం. ముంపు మీద వచ్చిన కథలనూ పాటలనూ పటం పక్కన పెట్టి చదివిస్తే అభివృద్ధికి చెల్లించిన మూల్యం అంకెల్లో కాక ఊళ్ల పేర్లలో వినపడుతుంది.

రెండో ఆక్షేపణ ఊహాశక్తికి సంబంధించింది. చదువరి మనసులో లేచే ఊరు అతడి సొంతం, తెర మీద ఫొటో పెట్టి దాన్ని చంపేస్తామా అని సాహిత్యాభిమానులు అడుగుతారు. ఈ భయంలో నిజముంది. విశ్వనాథ ‘కిన్నెరసాని పాటలు’ చదివే ముందే కిన్నెరసాని వాగు వీడియో వేస్తే పిల్లల మనసులో పాడవలసిన వాగు మూగబోతుంది. దానికి విరుగుడు వరస మార్చడం. మొదట పాఠం, తర్వాత కాగితం మీద పిల్లల సొంత గీత, ఆ తర్వాతే డిజిటల్ పటం. ఫొటో అన్నిటికన్నా చివర, అదీ అవసరం ఉంటేనే. ఇలా చేస్తే ఊహ ముందు నడుస్తుంది, వాస్తవం వెనకాల వచ్చి దాన్ని పలకరిస్తుంది. రెండిటికీ తేడా వచ్చిన చోట కవి ఏం కలిపాడు, ఏం వదిలేశాడు అన్న విమర్శ మొదలవుతుంది. పైగా ఇవాళ్టి పిల్లల్లో చాలామందికి పాఠంలోని ఊళ్లు వట్టి పేర్లు. హైదరాబాద్ అపార్టుమెంట్లలో పెరిగే పిల్లలకైనా, అమెరికాలో వారాంతపు తెలుగు తరగతులకు వెళ్లే పిల్లలకైనా లంక, మెట్ట, మన్యం, ఏజెన్సీ అన్న మాటలు కళ్లకు కట్టవు. ఊహ లేవడానికి కూడా కాలు మోపే నేల కొంత కావాలి.

మూడో ఆక్షేపణ మరింత బరువైంది. పటం నిష్పాక్షికమైనది కాదు. దారులూ దుకాణాలూ హోటళ్లూ స్పష్టంగా చూపే పటాల్లో తండా పేరు ఉండకపోవచ్చు, గూడెం పేరు తప్పుగా ఉండవచ్చు, వాడ అసలే ఉండకపోవచ్చు. ఈ లోపానికి చరిత్ర ఉంది. మన నేలను కొలిచి పటాలు గీయించింది పన్నులు, సైన్యం, పరిపాలన అవసరమైన కంపెనీ. అదే చరిత్రలో మనం గర్వపడదగ్గ ఘట్టమూ ఉంది. 1815లో భారత మొదటి సర్వేయర్ జనరల్ అయిన కాలిన్ మెకంజీ పటాలతో పాటు ఊరూరి కథలనూ శాసనాలనూ వంశావళులనూ పోగుచేయించారు. ఆ పనిని భుజాన వేసుకున్నది కావలి వెంకట బొర్రయ్య, ఆయన తర్వాత తమ్ముడు లక్ష్మయ్య, ఇతర తెలుగు పండితులు. ఇవాళ మనం కైఫియత్తులు అని చదువుకుంటున్నవి అలా మిగిలినవే. నేల కొలతనూ నేల కథనూ ఒకచోట చేర్చిన ఆ పని ఏలికల కోసం జరిగింది. దాన్ని చదువరుల కోసం మళ్లీ చేయవచ్చు. పటంలో లేని తండా పేరును ఆ తండా పిల్లలే ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో తెలుగు లిపిలో చేర్చగలరు. దేశంలో పటాల తయారీ మీద ఉన్న ఆంక్షలను 2021 ఫిబ్రవరిలో కేంద్రం బాగా సడలించింది కూడా. పటాన్ని ఎవరు గీశారు, ఎవరిని వదిలేశారు అని అడగడం నేర్చిన విద్యార్థి కథనూ అదే ప్రశ్న అడుగుతాడు. కాబట్టి పటంలోని పక్షపాతం దాన్ని బడి బయట ఉంచడానికి కారణం కాదు, లోపలికి తెచ్చి పరీక్షించడానికి కారణం.

చివరిది ఆచరణ గురించిన ఆక్షేపణ. సిలబస్ పూర్తిచేయడానికే సమయం చాలని తెలుగు ఉపాధ్యాయుల మీద ఇంకో బరువు మోపుతారా, ఇంటర్నెట్ సరిగ్గా లేని బడుల మాటేమిటి, తెర ఇచ్చాక పిల్లలు ఆటల్లో పడరా అన్న ప్రశ్నలను కొట్టిపారేయలేం. పరికరాలు కొన్ని ఇప్పటికే బడుల్లో ఉన్నాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2022 డిసెంబర్‌లో ప్రభుత్వ బడుల ఎనిమిదో తరగతి పిల్లలకు ట్యాబ్‌లు ఇచ్చారు, ఆ తర్వాత తరగతి గదుల్లో ఇంటరాక్టివ్ ప్యానెళ్లు బిగించారు. తెలంగాణలో కూడా డిజిటల్ తరగతి గదుల ఏర్పాటు సాగింది. వాటిలో ఎక్కువగా నడుస్తున్నవి లెక్కల, సైన్సు వీడియోలే. తెలుగు పీరియడ్‌కు వాటితో పని లేదనే ధోరణి పోవాలి. ఈ పద్ధతికి ప్రతి పిల్లవాడి చేతిలో తెర ఉండనక్కరలేదు. తరగతికి ఒక్క తెర చాలు. పని అంతా కాగితం మీద జట్లు జట్లుగా జరిగి, తెర మీదికి ఎక్కించడం చివరి పీరియడ్‌లో జరిగితే ఆటల బెడదా తగ్గుతుంది. సిగ్నల్ లేని చోట ముందే దించుకున్న పటం, అదీ లేకపోతే గోడకు తగిలించిన జిల్లా పటం పని చేస్తాయి. అన్ని పాఠాలకూ ఇది అక్కరలేదు. శతక పద్యానికి పటం పెట్టబోతే నవ్వులాట అవుతుంది. ఏడాదికి ఒకటి రెండు పాఠాలు ఎంచుకుంటే చాలు. నిర్మాణాత్మక మూల్యాంకనంలో ప్రాజెక్టు పనికి ఇప్పటికే మార్కులున్నాయి. ఎక్కడి నుంచో చూసి రాసుకొచ్చే ప్రాజెక్టుల స్థానంలో ఇది వస్తే ఉపాధ్యాయుడి మీద కొత్త భారం పడదు.

ఒక జాగ్రత్త తప్పనిసరి. పిల్లల పేర్లు, ఇళ్లు, బడికి వచ్చే దారులు బయటివాళ్లకు కనిపించే పటంలోకి ఎక్కకూడదు. రచయితల ఊళ్లు, పాత్రల దారులు మాత్రమే అందరికీ తెరిచి ఉంచాలి. అలాగే పటం అందంగా ఉందా అన్నదానికి మార్కులు వేయకూడదు. ఒక్కో గుర్తు పక్కన విద్యార్థి రాసిన రెండు మూడు వాక్యాలకు వేయాలి. ఈ చోటును ఏ వాక్యం ఆధారంగా గుర్తించావు, నీకు ఎంత రూఢి, ఈ చోటు మారితే కథలో ఏం మారుతుంది అన్న మూడు ప్రశ్నలకు జవాబే ఆ రాత. గాడ్జెట్ల హోరులో సాహిత్యం కొట్టుకుపోకుండా కాపాడే కట్టుబాటు ఇదే.

ఇందుకు ప్రభుత్వాలు చేయవలసింది కొంత ఉంది, అది ఖర్చుతో కూడినది కూడా కాదు. రెండు రాష్ట్రాల విద్యా పరిశోధన, శిక్షణ మండళ్లు ఆరు నుంచి పది వరకు ఒక్కో తరగతికి ఒక పాఠాన్ని ఎంచి, అందులోని స్థలాల పట్టికను, ఎత్తుపల్లాలూ నదులూ మాత్రమే ఉండి ఆధునిక సరిహద్దులు లేని తెలుగు లిపి మూల పటాన్ని తయారుచేసి ఉచితంగా అందించాలి. వేసవి శిక్షణల్లో తెలుగు, సాంఘిక శాస్త్ర ఉపాధ్యాయులను ఒకే బల్ల దగ్గర కూర్చోబెట్టాలి. కాళీపట్నం రామారావు 1997లో శ్రీకాకుళంలో నెలకొల్పిన కథానిలయంలో తెలుగు కథా సంపద పోగై ఉంది. ఒక్కో బడి తన మండలం నేపథ్యంగా వచ్చిన కథలను అక్కడి సేకరణలో వెతికి చదివి పటం మీద గుర్తిస్తూ పోతే, కొన్నేళ్లలో తెలుగు కథ ఏయే సీమలను పలికిందో, ఏయే సీమల గురించి ఇంకా పలకలేదో మనకే తెలుస్తుంది. ఆ ఖాళీలను చూసిన పిల్లల్లో కొందరికి తమ ఊరి కథ తామే రాయాలనిపించవచ్చు. ముందుగా జరగాల్సింది మాత్రం చిన్న పని. వచ్చే విద్యా సంవత్సరం ప్రశ్నపత్రంలో కవి జన్మస్థలం ఏది అనే బిట్టు తీసేసి, ఈ రచనలో స్థలం కథను ఎలా నడిపిందో ఆధారాలతో రాయండి అనే ప్రశ్న పెడితే తరగతి గదిలో పటం దానంతటదే తెరుచుకుంటుంది. పరీక్ష ఏది అడుగుతుందో మన బడి దాన్నే చెబుతుంది కాబట్టి మార్పు అక్కడి నుంచే మొదలు కావాలి.